న తీసేసి చూడు

మా బ్యాచి 1988లో పదో తరగతి ముగించింది. ఈ సంచికకు బడి జ్ఞాపకాలు రాయమంటే గంట, వేపచెట్లు, పంద్రాగస్టు మిఠాయిలు ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. వాటిని మిత్రులకే వదిలేసి, నల్లబల్ల మీది పద్యాల సంగతి చెబుతాను.

ఛందస్సంటే మొదట్లో మాకు మార్కుల లెక్క. పరీక్షలో ఇచ్చిన పాదానికి గణవిభజన చేసి, అంటే గురువులు (బరువుగా పలికే అక్షరాలు), లఘువులు (తేలిగ్గా పలికేవి) గుర్తించి గణాలనే గుంపులుగా విడదీసి, అది ఏ పద్యమో రాయాలి. మొదటి గణం చూస్తే చాలు: భగణమైతే ఉత్పలమాల, నగణమైతే చంపకమాల, మగణమైతే శార్దూలం, సగణమైతే మత్తేభం. ఈ కిటుకు మా తెలుగు మాస్టారికి తెలియక కాదు. ఒకరోజు ఆయన ఉత్పలమాల గురులఘువులు బల్ల మీద వేసి, మొట్టమొదటి గురువును చెరిపి, అక్కడ రెండు లఘువులు పెట్టారు. “మళ్లీ మూడేసి విడదీయండి” అన్నారు. భ ర న భ భ ర వ గణాలు కాస్తా న జ భ జ జ జ ర అయి కూర్చుంది. ఇరవై అక్షరాల ఉత్పలమాల ఇరవయ్యొక్క అక్షరాల చంపకమాల అయింది. శార్దూలానికీ అదే వైద్యం చేస్తే మత్తేభం లేచింది. నాలుగు వరసలు నాలుగుసార్లు బట్టీ పట్టిన మాకు ఒళ్లు మండింది. ఉన్నవి రెండు నడకలేనని ముందే చెప్పొచ్చు కదా!

కానీ నాకు ఛందస్సు పట్టుబడింది వేమన దగ్గర. “ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు” అని రాసి యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జోడీగా మధ్యలో వచ్చే అక్షరం, ఎక్కడో చూపించమన్నారు. ఆ పద్యం ఆటవెలది. దాని బేసి పాదంలో మూడు సూర్యగణాలనే చిన్న గుంపులు, రెండు ఇంద్రగణాలనే పెద్ద గుంపులు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం. ఉప్పు, కప్పు, రంబు... తర్వాత ‘నొక్కపో’. ఉకారానికి ‘నొ’ ఎలా కుదురుతుంది? వేమన తప్పాడని లేచి చెప్పేశాను. మాస్టారు నవ్వలేదు, కోప్పడలేదు. “న తీసేసి చూడవోయ్” అన్నారు. తీసేస్తే ‘ఒక్క’ మిగిలింది. ఉ, ఒ చుట్టాలే. ఆ నకారం సంధిలో ‘కప్పురంబును’ నుంచి వచ్చి పైన కూర్చున్నది.

రెండో పాదం “చూడ చూడ రుచుల జాడ వేరు”. ఇక్కడ చూ, జా. ఈసారి తీసేయడానికేమీ లేదు. “మొదటి అక్షరం వదిలెయ్, రెండోది విను” అన్నారు. చూడ, జాడ. అది ప్రాసయతి. మూడో పాదంలో పు–పు, నాలుగో పాదంలో వి–వి, ఏ చిక్కూ లేదు. నాలుగు పాదాల్లో మూడు రకాల కుదుర్లు! వేమన ఇవన్నీ లెక్కలు వేసి కట్టాడంటే నేను నమ్మను. చెవికి నప్పింది, నోరు పలికింది, అంతే.

అలంకారాల పాఠం మాత్రం ఇంత రుచించలేదు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అంటూ చంద్రబింబం లాంటి ముఖాన్ని ఏటేటా నాలుగు ముక్కలు చేసేవాళ్లం. ఒకే మాట వేరే అర్థంతో మళ్లీ వచ్చే యమకం పాఠం వచ్చిన రోజే తరగతి కదిలింది. నరకుడితో యుద్ధానికి లేచిన సత్యభామతో పోతన కృష్ణుడు “లేమా! దనుజుల గెలువగ లేమా” అంటాడు. మొదటి లేమ పడతి, రెండో లేమా ‘మా వల్ల కాదా’ అని. ఆ వారమంతా మా బడిలో ఎవరు ఏ పని చెప్పినా జవాబు “చేయలేమా!”

ఆ పద్యం కందం. “కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు” అనే సామెత విని నాకూ పౌరుషం వచ్చింది. మాస్టారి పదవీ విరమణకు ఒక కందం ఇద్దామని కూర్చున్నాను.

మా బడి వేపల నీడన
నే బరువు లేక తిరిగిన

ఇంతవరకు వచ్చాక ఆయనకే చూపించాను. ఎర్ర పెన్సిలుతో ‘వులేక’ చుట్టూ సున్నా చుట్టారు. అది జగణం: లఘువు, గురువు, లఘువు. కందంలో ఆరో గణంగా రావచ్చు, బేసి చోట రాకూడదు. “ఆరో ఇంటికి వెళ్లాల్సిన చుట్టం అయిదో ఇంటి తలుపు కొట్టాడోయ్” అన్నారు.

ఈ సంచికకైనా దాన్ని పూర్తి చేద్దామని నెల రోజులు తంటాలు పడ్డాను. ‘బరువు’ తీస్తే రెండో అక్షరం ‘బ’ కలిసే ప్రాస పోతోంది, ఉంచితే జగణం కదలడం లేదు. సంపాదకులు గడువు గుర్తుచేస్తూ రెండుసార్లు ఫోను చేశారు. అందుకని ఈ వచనం పంపుతున్నాను.