ఎకరం ఐదు సెంట్లా, ఎకరన్నరా?

భీమవరంలో మా పెదనాన్నగారికి రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబు ఉంది. తెల్లవారగానే రైతులు సీసాల్లో నీళ్లు పట్టుకుని వస్తారు. కౌంటరు దగ్గర ఉండే అమ్మాయి పేరు, ఊరు, చెరువు విస్తీర్ణం ఎక్కించుకుని సీసాను లోపలికి పంపుతుంది. 2021లో ఆ పనికి వెబ్ పేజీలు కట్టడానికి వాడే వ్యూ ఫ్రేమ్‌వర్క్‌లో ఒక వెబ్ అప్లికేషన్ రాసి ఇచ్చాను. రైతు నమోదు, చెరువు వివరాలు, నీటి పరీక్ష, రొయ్య పరీక్ష, బాకీలు, ఇలా మొత్తం ఏడు ఫారాలు. మొదటిది రాసి, దాన్ని కాపీ చేసి రెండోది, రెండోదాన్ని కాపీ చేసి మూడోది తయారుచేశాను. అప్పట్లో అది వేగంగా సాగిన పనిలాగే కనిపించింది.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఏలూరు కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది. కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. నా ఏడు ఫారాల్లో అయిదింటిలో జిల్లాల జాబితా ఉంది, అయిదింటిలోనూ విడివిడిగా. నాలుగు చోట్ల మార్చి అయిదోది మరిచిపోయాను. కైకలూరు రైతు ఒక ఫారంలో ఏలూరు జిల్లావాడు, మరో ఫారంలో కృష్ణా జిల్లావాడు అయ్యాడు. నెలాఖరు లెక్కల్లో ఒకే మనిషి రెండు వరుసల్లో కనిపించినప్పుడు గాని నాకు తెలియలేదు. అదే ఏడాది కోనసీమ జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమగా మారింది. మళ్లీ అయిదు ఫైళ్లు తెరిచి కూర్చున్నాను.

ఇక కాపీలు వద్దనుకుని ఒకే పెద్ద ఫారం కాంపొనెంట్, అంటే ఒకసారి రాసి ఎన్నిచోట్లయినా వాడుకోగల ముక్క, రాశాను. ఏ గడి ఏ వరుసలో రావాలో ఒక పట్టికలో చెబితే, అది చూసి ఫారం మొత్తాన్ని అదే గీస్తుంది. మొదటి వారం చాలా బాగుంది. తరవాత మినహాయింపులు మొదలయ్యాయి. కౌలు రైతు అయితే భూయజమాని పేరు అడగాలి. మంచినీటి చేపల చెరువయితే సెలినిటీ (నీటిలో ఉప్పు శాతం) అడగనక్కర్లేదు. పాత రైతు అయితే ఫోను నంబరు ముందే నిండి ఉండాలి. ప్రతి మినహాయింపుకూ ఆ పట్టికలో ఒక కొత్త మీట చేరింది. మూడు నెలలకు ఏ మీట నొక్కితే ఏ ఫారం చెడుతుందో రాసిన నాకే అంతుపట్టకుండా పోయింది. ఫారాలన్నీ ఒకేలా ఉంటాయని నేను అనుకోవడంలోనే పొరపాటు ఉంది. ఫారాలు ఒకేలా ఉండవు. వాటిలోని గడులు ఒకేలా ఉంటాయి.

ఈ సంగతి నాకు ఒక ఉదయం కౌంటరు దగ్గర అర్థమైంది. ఉండి అనే ఊరి వైపు నుంచి వచ్చిన పెద్దాయన విస్తీర్ణం "ఒకటి పాయింట్ ఐదు" అన్నారు. అమ్మాయి 1.5 అని కొట్టింది. నాకెందుకో అనుమానం వచ్చి అడిగాను.

"ఎకరం ఐదు సెంట్లా అండీ, ఎకరన్నరా?"

"ఎకరం ఐదు సెంట్లే అమ్మా. ఎకరన్నర అయితే ఎకరన్నరనే చెబుతాను గదా!"

ఎకరాకు వంద సెంట్లు. ఆయన చెప్పింది 1.05, మా కంప్యూటర్‌కు చేరింది 1.5. చెరువులో చల్లే సున్నం, మినరల్స్ మోతాదును మా అప్లికేషన్ ఎకరాల లెక్కనే కడుతుంది. ఎకరాకు పది కిలోలని రాస్తే పదిన్నర కిలోలు పడాల్సిన చోట పదిహేను పడతాయి. అప్పటికి ఎన్ని చెరువులు ఇలా నమోదయ్యాయోనని నాకు గుండె దడ పట్టుకుంది. ఆ వారమంతా అమ్మాయీ నేనూ కూర్చుని పాయింటు తరవాత ఒకే అంకె ఉన్న ప్రతి రైతుకూ ఫోను చేసి కనుక్కున్నాం.

ఆ పెద్ద కాంపొనెంట్‌ను పక్కన పెట్టి విస్తీర్ణం ఒక్కదానికే చిన్న కాంపొనెంట్ రాయడం మొదలుపెట్టాను. పైకి రెండు గడులు, ఒకటి ఎకరాలకు, ఒకటి సెంట్లకు. లోపల దాచేది ఒకే సంఖ్య, మొత్తం సెంట్లు. ఎకరం ఐదు సెంట్లు అంటే 105. పాయింటుకు చోటే లేదు.

వినడానికి తేలికగా ఉన్నా, ఇది సరిగా కుదరడానికి నాలుగు సార్లు తిరగరాయాల్సి వచ్చింది. వ్యూ కొత్త వెర్షన్ అయిన వ్యూ 3లో, గడినీ దాని విలువనూ జతకలిపే వీ-మోడల్‌ను కాంపొనెంట్‌కు తగిలిస్తే, దాన్ని వాడుకునే తల్లి కాంపొనెంట్ నుంచి విలువ మోడల్‌వాల్యూ అనే ప్రాప్‌గా కిందికి వస్తుంది, మార్పు అప్‌డేట్ ఈవెంట్ అనే కబురుగా పైకి వెళుతుంది. నేను మొత్తం సెంట్లను వందతో భాగించి రెండు గడుల్లో చూపించాను. రైతు ఎకరాల గడి చెరిపేసిన క్షణంలోనే అక్కడ సున్నా ప్రత్యక్షమయ్యేది. దాని పక్కన 2 కొడితే ఒక్కోసారి 20 అయ్యేది. సెంట్లు వంద దాటగానే ఎకరంగా మార్చే ఏర్పాటు కూడా చేశాను. అది కొడుతున్న వేలి కిందే అంకెలు మార్చేసి మనిషిని కంగారుపెట్టేది. చివరికి పట్టుబడిన పద్ధతి ఇది: రెండు గడుల్లో కొట్టిన అక్షరాలను కొట్టినవి కొట్టినట్టే కాంపొనెంట్ తన దగ్గర ఉంచుకుంటుంది, పైకి మొత్తం మాత్రమే పంపుతుంది. బయటి నుంచి వచ్చిన విలువ తన మొత్తంతో తేడాగా ఉంటేనే గడులను మళ్లీ నింపుతుంది. సెంట్లు 99 దాటితే, గడి వదిలి వెళ్లాక మాత్రమే ఒక మాట చెబుతుంది.

పాత వెర్షన్ వ్యూ 2కు 2023 డిసెంబరు 31తో మద్దతు ముగియబోతోందని ఆ ఏడాది అంతా నెమ్మదిగా వ్యూ 3కు మారుస్తూ వచ్చాను. డిసెంబరు చివర్లో వచ్చిన వ్యూ 3.4లో డిఫైన్‌మోడల్ అనే సదుపాయం స్థిరపడింది. ప్రాప్, ఈవెంట్ అని రెండు చోట్ల రాసుకునేది ఒక వరుసలో తేలిపోయింది. గడుల కాంపొనెంట్లు రాసేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

తరవాత పరీక్ష ఫలితాల గడి. అమోనియా సున్నా వస్తే రైతుకు అది శుభవార్త. నా పాత ఫారం మాత్రం ఆ సున్నాను ఖాళీగా లెక్కగట్టి "ఈ వివరం నింపండి" అని ఎర్ర అక్షరాల్లో అడిగేది. ఈ ఫారాలు రాసిన ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో విలువ ఉందా లేదా అని తొందరపాటుగా అడిగితే సున్నాకూ ఖాళీకీ ఒకటే జవాబు వస్తుంది. పరీక్ష చేయకపోవడం వేరు, చేస్తే సున్నా రావడం వేరు. కొత్త గడి ఖాళీని నల్ (విలువ లేదు) గానే పైకి పంపుతుంది. పరీక్షలన్నింటికీ అదొక్కటే వాడుతున్నాం, పీహెచ్‌కు మాత్రం 14 దాటనివ్వదు.

పేరు గడి దగ్గర తెలుగే నాకు ఒక కొత్త సంగతి చూపించింది. ఫోనులో తెలుగు కొడుతున్నప్పుడు మాట పూర్తయ్యేదాకా కీబోర్డు దాన్ని కూర్పులోనే, అంటే ఇంకా ఖరారు కాని స్థితిలోనే, ఉంచుతుంది. అంతవరకూ మామూలు వీ-మోడల్ విలువను మార్చదు. పాత రైతు పేరు వెతుకుతుంటే స్పేస్ నొక్కేదాకా ఒక్క ఫలితమూ రాకపోవడానికి కారణం అదే. లోపలి ఇన్‌పుట్‌కు వీ-మోడల్ తీసేసి విలువనూ ఇన్‌పుట్ ఈవెంటునూ విడిగా కలిపితే తీరింది. పేరు కనీసం ఇన్ని అక్షరాలు ఉండాలనే నిబంధన కూడా తీసేశాను. "శ్రీ" మనకు ఒక అక్షరం, జావాస్క్రిప్ట్ లెక్కలో నాలుగు.

మిగిలినవి త్వరగానే అయ్యాయి. రెండు చెరువుల గడులకు ఒకే ఐడీ (పేజీలో గడిని గుర్తించే పేరు) ఉండటం వల్ల రెండో చెరువు పేరు మీద నొక్కితే మొదటి గడిలోకి వెళ్లేది. వ్యూ 3.5లో వచ్చిన, ప్రతి గడికీ వేరే ఐడీ ఇచ్చే యూజ్‌ఐడీతో సరిపోయింది. అంకెల కీబోర్డు కోసం ఇచ్చిన గుణం (యాట్రిబ్యూట్) గడి చుట్టూ ఉండే డివ్ అనే పెట్టెకు అంటుకుపోకుండా లోపలి ఇన్‌పుట్‌కే అందేలా చేశాను. జిల్లా, మండలం గడి ఇప్పుడు ఒక్కటే ఫైలు.

ఈ గడులను పేర్చుకుంటూ ఏడు ఫారాలనూ ఇప్పుడు ఏడు ఫైళ్లుగానే, చేత్తోనే రాశాను. కౌలు రైతు ప్రశ్న కావలసిన ఫారంలో ఆ ప్రశ్న కళ్ల ఎదుటే ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఏ పట్టికలోనూ వెతకనక్కర్లేదు.

ఈ నెల సర్వే నంబరు గడి మీద పని చేస్తున్నాను. ఒక్కో చెరువు మూడు నాలుగు సర్వే నంబర్లలో పరుచుకుని ఉంటుంది. ఒకరు 112/2ఎ అని, మరొకరు 112-2ఎ అని చెబుతారు. కౌంటరు దగ్గర అమ్మాయి రైతులు చెప్పిన తీరులన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెడుతోంది. ఆ పుస్తకం నిండాకే కోడ్ మొదలుపెడతాను.