తుఫాను వార్తల్లో విన్న ఊరు

చిన్నప్పుడు రేడియోలో తుఫాను వార్త వచ్చిందంటే అందులో కళింగపట్నం పేరు ఉండి తీరాల్సిందే. "కళింగపట్నానికి ఆగ్నేయంగా వాయుగుండం..." అనగానే నాన్న లేచి సౌండు పెంచేవారు. దాంతో ఆ ఊళ్లో ఎప్పుడూ గాలీవానే అని నాకో నమ్మకం. మొన్న జనవరిలో అమ్మ శ్రీకూర్మం వెళ్దామంటే, పనిలో పనిగా కళింగపట్నం కూడా చూసొద్దామన్నాను. "అక్కడేముందిరా, సముద్రమేగా!" అంది.

ముందురోజు సాయంత్రం అరసవల్లి సూర్యనారాయణమూర్తి దర్శనం చేసుకుని, రాత్రి శ్రీకాకుళంలో ఉన్నాం. మార్చిలో, అక్టోబరులో కొద్దిరోజులు పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. మేం వెళ్లింది ఆ రోజుల్లో కాదు కాబట్టి రద్దీ లేదు, అదే మాకు నయం.

చీకటితోనే ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. కళింగపట్నం ఒడ్డున వల దులుపుకుంటున్న ఇద్దరు జాలర్లు, రెండు కుక్కలు, మేమిద్దరం. అంతే. ఒక బజ్జీల బండి కూడా లేదు! సరుగుడు చెట్ల గాలి చప్పుడు, కెరటాల చప్పుడు కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. ఇంగ్లీషువాళ్ల కాలంలో ఇది ఓడలు ఆగే రేవు. ఆ సందడంతా పోయి ఇప్పుడు లైట్‌హౌస్ ఒకటి కనిపిస్తోంది. ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఏరు కలిసేచోట నీళ్లు నిశ్చలంగా కనిపిస్తే ప్యాంటు మడుచుకున్నాను. జాలరి ఒకాయన దూరం నుంచే కేకేశాడు: "బాబూ, మొగ దగ్గర దిగకండి, లాగేస్తాది!" చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కొచ్చేశాను.

ఎండెక్కక ముందే శాలిహుండం చేరాం. నేను ఈ ప్రయాణం మొత్తంలో మళ్లీ వెళ్తానంటే ఇక్కడికే. వంశధార దక్షిణపు గట్టున చిన్న కొండ, దాని మీద బౌద్ధుల స్తూపాలు, చైత్యాలనే ప్రార్థనా మందిరాలు, భిక్షువులు ఉన్న విహారాల పునాదులు. క్రీస్తుకు ముందు 2వ శతాబ్ది నుంచి దాదాపు 12వ శతాబ్ది దాకా ఇక్కడ బౌద్ధం నడిచింది. బౌద్ధంలోని హీనయానం, మహాయానం, వజ్రయానం శాఖలు మూడూ ఒకే కొండ మీద ఒకదాని తర్వాత ఒకటి కాపురం చేశాయన్నమాట. 1919లో ఈ చోటును వెలుగులోకి తెచ్చింది ఎవరనుకున్నారు? మన వ్యావహారిక భాష గిడుగు రామమూర్తి పంతులుగారే. ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా ఈ వంశధార ఒడ్డుదే. పంతులుగారంటే నాకు తెలిసింది బడిలో ఆగస్టు 29న జరిపే తెలుగు భాషా దినోత్సవం మాత్రమే. ఆ ఇటుకల మధ్య నిలబడి కొంచెం సిగ్గుపడ్డాను.

అమ్మ మోకాళ్ల నొప్పులని కింద చెట్టు నీడన కూర్చుంది. నీళ్ల సీసా ఆమె దగ్గరే మర్చిపోయి, పైకెక్కాక నాలుక పిడచకట్టింది. అయినా దిగబుద్ధి కాలేదు. ఒకవైపు మెలికలు తిరిగే ఏరు, మరోవైపు పచ్చటి పొలాలు. పొద్దున మేం నిలబడ్డ సముద్రం ఆ చివర ఎక్కడో ఉంది.

ఇక్కడ దొరికిన విగ్రహాల్లో తార ఉంది, మారీచి ఉంది. మారీచి బౌద్ధుల తొలివెలుగు దేవత, ఆమె రథాన్ని పందులు లాగుతాయట. కిందికొచ్చి అమ్మకు చెబితే, "నిన్న చూసిన స్వామికి ఏడు గుర్రాలు, ఈవిడకు పందులా!" అని నవ్వింది.

మధ్యాహ్నం దాటాక శ్రీకూర్మం. కూర్మావతారానికి గుడులు చాలా అరుదు. ఇక్కడ ఇంకో విశేషం, స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. మండపం స్తంభాల మీద శాసనాలు చదవబోయి, ఒక్క ముక్క అర్థంకాక వదిలేశాను. గుడి దగ్గరే నక్షత్ర తాబేళ్లను పెంచుతున్నారు. డిప్ప మీద పసుపు గీతలతో చుక్కలు వేసినట్టుంటాయి. దర్శనం కంటే వాటి దగ్గరే అమ్మ ఎక్కువసేపు నిలబడింది. ఒకటి ఆకుకూర కాడను పట్టుకుని, నములుతుందో ఆలోచిస్తుందో తెలియకుండా కూర్చుంది.

బయట ఆటో అబ్బాయి రెండుసార్లు హారన్ కొట్టాడు. "ఉండరా, అది తినేదాకా" అంది అమ్మ. కాడ ఇంకా సగం అలాగే ఉంది.