షావుకారు గారి ఆలోచన పని పట్టికగా మారేదాకా

సాఫ్ట్‌వేర్ ఉత్పత్తికి సంబంధించిన ఆలోచన చాలావరకు ఒకటి రెండు వాక్యాల్లోనే మన దగ్గరకు వస్తుంది. ఆ వాక్యాలు వినడానికి స్పష్టంగానే ఉంటాయి గాని, ఇద్దరు డెవలపర్లకు విడివిడిగా ఇస్తే రెండు వేరువేరు యాప్‌లు తయారవుతాయి. ఆ తేడా పని మొదలుకాక ముందే బయటపడాలన్నదే రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటు, అంటే అవసరాల పత్రం, రాయడంలోని ఉద్దేశం. ఆ పత్రంలోని ప్రతి వాక్యాన్నీ దాన్ని రాయని మనిషి ఒకరు పరీక్షించి, అయిందనో కాలేదనో తేల్చి చెప్పగలగాలనీ, పని ప్రణాళికను ఆ వాక్యాల నుంచే తీసుకోవాలనీ నేను గట్టిగా నమ్ముతాను.

మా బరంపురంలో బట్టల హోల్‌సేలు వ్యాపారం చేసే ఒక షావుకారు గారు అడిగిన ఖాతా యాప్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. రాష్ట్రం మారినా ఆంధ్రప్రదేశ్‌లోని ఇచ్ఛాపురం, సోంపేట వైపు దుకాణదారులతో ఇక్కడి వ్యాపారులకున్న లావాదేవీలు ఆగలేదు. అందువల్ల ఒకే ఆవర్జాలో, అంటే ఖాతాల పుస్తకంలో, ఒడియా ఖాతాదారులూ తెలుగు ఖాతాదారులూ ఉంటారు. షావుకారు గారు చెప్పినది ఇంతే: “ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఫోన్లో కనబడాలి, గడువు దాటితే వాళ్ళకు మెసేజీ వెళ్ళాలి.”

మొదటి భాగం చూద్దాం. బాకీ కనబడడమంటే బిల్లుల మొత్తంలోంచి జమల మొత్తం తీసివేయడమే కదా అనిపిస్తుంది. ఒక ఖాతాదారుకు గడువు దాటిన 3,200 రూపాయల బిల్లు ఒకటి, ఇంకా గడువున్న 4,500 రూపాయల బిల్లు ఒకటి ఉన్నాయనీ, ఆయన 5,000 రూపాయలు కట్టాడనీ అనుకుందాం. సొమ్మును ముందుగా పాత బిల్లుకు జమ కడితే అది పూర్తిగా తీరిపోయి, కొత్త బిల్లులో 2,700 మిగులుతుంది. గడువు దాటిన బాకీ ఏదీ లేదు కనుక మెసేజీ వెళ్ళదు. అలా కాకుండా ఆయన “ఇది కొత్త సరుకు తాలూకు డబ్బు” అని చెప్పి కడితే కొత్త బిల్లు తీరి, మిగిలిన 500 పాత బిల్లుకు చేరి, అందులో 2,700 మిగులుతుంది. ఆ మర్నాడే ఆయన ఫోనుకు హెచ్చరిక వెళుతుంది. మొత్తం బాకీ రెండు సందర్భాల్లోనూ ఒక్కటే అయినా, డబ్బు కట్టి వెళ్ళిన మనిషికి మర్నాడు హెచ్చరిక అందడం వ్యాపార సంబంధానికి మంచిది కాదు. ఈ ప్రశ్న అడిగినప్పుడు జవాబు గుమాస్తా గారి దగ్గర వెంటనే దొరికింది: ఖాతాదారు ప్రత్యేకంగా చెబితే తప్ప పాత బిల్లుకే ముందు జమ కట్టడం ఆ దుకాణం ఆనవాయితీ. అందుకే ఆలోచన యజమానిదైనా, రోజూ చిట్టా రాసే మనిషితో కూర్చోకుండా పత్రం మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం.

పత్రంలో ఆ నియమాన్ని ఇలా రాశాము: “ఖాతాదారు బిల్లును పేర్కొనకుండా సొమ్ము కట్టినప్పుడు, యాప్ ఆ సొమ్మును తేదీ వరుసలో అన్నిటికన్నా పాత బిల్లుతో మొదలుపెట్టి జమ కట్టాలి.” దాని కిందనే పైన చెప్పిన 3,200, 4,500, 5,000 అంకెలనూ, రావలసిన ఫలితాన్నీ ఇచ్చాము. నియమం పక్కన అంకెలతో ఒక ఉదాహరణ ఉంటే పరీక్షించేవారు వేరే వివరణ అడగవలసిన పని ఉండదు. ఏది తప్పనిసరి, ఏది ఉంటే మంచిది, ఏది ఐచ్ఛికం అన్న మూడు అంతస్తులను కూడా ప్రతి నియమానికీ గుర్తించాము. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవారి కోసం 1997లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సి 2119 అనే చిన్న పత్రం ఈ అంతస్తులను ఎంత కచ్చితంగా వాడాలో చెబుతుంది; దుకాణం యాప్‌కు కూడా ఆ క్రమశిక్షణ పనికివస్తుంది.

“వెతకడం వేగంగా ఉండాలి” వంటి వాక్యాలు పత్రంలో ఉండకూడదు. ఎన్ని ఖాతాలున్నప్పుడు, ఎలాంటి ఫోనులో, ఎన్ని సెకన్లలో అన్నది రాయాలి. వెతకడం దేనితో అన్నది అంతకన్నా ముఖ్యం. ఒకే పేరున్న ఖాతాదారులను ఈ దుకాణంలో ఊరి పేరుతో గుర్తుపడతారు. ఒకరి పేరును గుమాస్తా గారు తెలుగులో రాస్తే, యజమాని గారి అబ్బాయి ఒడియాలో రాస్తాడు. కనుక పేరు, ఊరు, ఫోను నంబరు అనే మూడింటిలో దేనితో వెతికినా ఖాతా దొరకాలన్నది తప్పనిసరి నియమమైంది.

ఇక మెసేజీ సంగతి. ఇంగ్లీషు అక్షరాలతో పంపే ఎస్సెమ్మెస్ ఒకదానిలో 160 గుర్తులు పడతాయి. తెలుగు గాని ఒడియా గాని యూనికోడ్‌లో, అంటే అన్ని లిపులకూ పనికివచ్చే అక్షర సంకేతాల పద్ధతిలో, వెళుతుంది కనుక 70 మాత్రమే పడతాయి; అంతకు మించితే సందేశం ముక్కలై, ముక్కకు 67 చొప్పున లెక్కకు వస్తుంది, ఖర్చూ ముక్కల లెక్కనే పెరుగుతుంది. పైగా ఒత్తులూ గుణింతాలూ విడివిడి గుర్తులుగా లెక్కలోకి వస్తాయి: ఇచ్ఛాపురం అన్న ఊరి పేరు ఒక్కటే తొమ్మిది గుర్తులు తీసుకుంటుంది. దుకాణం పేరు, బాకీ, గడువు తేదీ, ఫోను నంబరు అన్నీ రావాలంటే ఒక్క సందేశంలో ఇమడడం కష్టం. ఏది వదిలేయాలో యజమాని నిర్ణయించాలి గాని, కోడు రాసే కుర్రవాడు నిర్ణయించకూడదు. చివరికి దుకాణం పేరు, బాకీ మొత్తం, గడువు తేదీ ఉంటే చాలునన్నారు. సందేశం ఏ భాషలో వెళ్ళాలన్నది ఒక్కొక్క ఖాతాకు విడిగా ఎంచుకునే వీలు ఉండాలన్నారు.

అలాగే, వాణిజ్య సందేశాలపై టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, పంపే సంస్థ వివరాలూ, హెడరూ (పంపినవారి పేరుగా కనబడే గుర్తు), సందేశం నమూనా కూడా టెలికాం కంపెనీలు ఇందుకోసం నడిపే డీఎల్‌టీ అనే ఆన్‌లైన్ వేదికలో ముందే నమోదు కావాలి. ఇది మన చేతిలో లేని పని. ప్రణాళికలో మెసేజీల పని చివరి దశలో ఉన్నా, నమోదు దరఖాస్తు మాత్రం మొదటి రోజు పనుల్లోనే ఉండాలి. ఆ మాటకు వస్తే, ప్రణాళిక వేసేటప్పుడు నేను మొదట వెతికేది ఇలాంటి వాటినే: ఇతరుల అనుమతి కోసం ఆగవలసినవి, జవాబు ఇంకా తేలనివి. స్క్రీన్లు ఎన్ని రోజుల్లో అవుతాయో అనుభవమున్నవారు సుమారుగా చెప్పగలరు గాని, అనుమతి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఏది చేయబోమో కూడా పత్రంలో రాయాలి. “ఎలాగూ బిల్లు వివరాలు ఎక్కిస్తున్నాం కదా, బిల్లు కూడా యాప్ నుంచే ఇస్తే సరి” అన్న కోరిక రెండో సమావేశంలోనే వచ్చింది. సరిహద్దు ఊళ్ళో అది చిన్న కోరిక కాదు. ఒడిశాలోనే సరుకు అమ్మితే జీఎస్‌టీ కేంద్రం వాటా సీజీఎస్‌టీగా, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్‌టీగా పడతాయి. ఆంధ్రప్రదేశ్‌కు పంపితే రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే ఐజీఎస్‌టీ పడుతుంది. జీఎస్‌టీ నంబరులో మొదటి రెండంకెలు 21 అయితే ఒడిశా, 37 అయితే ఆంధ్రప్రదేశ్ అని గుర్తించడం తేలికే గాని, కొన్నవాడు ఇక్కడికే వచ్చి సరుకు పట్టుకువెళితే ఏమిటన్నది ఆడిటరు గారు చెప్పాలి. అందుచేత బిల్లు ముద్రణ, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసుకునే ఆన్‌లైన్ పత్రం), సరుకు నిల్వ లెక్క మొదటి విడతలో ఉండవని పత్రంలో స్పష్టంగా రాసి, షావుకారు గారి చేత ఒప్పించాము. ఆడిటరు గారిని అడగవలసిన ప్రశ్నను మాత్రం తేలని ప్రశ్నల పట్టికలో, ఎవరు అడగాలి, ఏ తేదీలోగా అడగాలి అన్న వివరాలతో చేర్చాము.

పని విభజనలో డేటాబేసు ఒక నెల, స్క్రీన్లు ఒక నెల, రిపోర్టులు ఒక నెల అని అడ్డంగా కోసే పద్ధతి నాకు నచ్చదు. అలా చేస్తే మూడో నెల వరకు గుమాస్తా గారి చేతికి ఏమీ రాదు. మా మొదటి విడతలో ఒక ఖాతా తెరవడం, ఒక బిల్లు ఎక్కించడం, ఒక జమ రాయడం, బాకీ చూడడం మాత్రమే ఉన్నాయి. అవి నిజంగా దుకాణంలో వాడదగ్గ స్థితిలో ఉండాలి. జమల నియమం అంకెల ఉదాహరణతో సహా పరీక్షలో నెగ్గాలి. రెండో విడతలో నెట్ లేనప్పుడు రెండు ఫోన్లలో రాసిన జమలు తరువాత ఒకచోట కలవడం. అన్నిటికన్నా కఠినమైన పని ఇదే కనుక దీన్ని వెనక్కు నెట్టలేదు. మెసేజీలు మూడో విడత. ప్రతి పని పక్కన అది పత్రంలోని ఏ నియమానికి చెందినదో ఆ సంఖ్య వేస్తాము. సంఖ్య లేని పని ఎవరో ముచ్చటపడి చేర్చినదై ఉంటుంది. పని లేని నియమం మరచిపోయినదై ఉంటుంది.

గడువుల అంచనాను ఆ పని చేయబోయేవారే వేయాలి, అదీ ఒకే అంకెగా కాకుండా, ఇంత నుంచి ఇంత వరకు అని. ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషులను చేర్చితే ఇంకా ఆలస్యమవుతుందని అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు. నలుగురైదుగురు పనిచేసే చిన్న కంపెనీల్లో అది మరింత నిజం, ఎందుకంటే కొత్తగా వచ్చినవారికి నేర్పేది కూడా ఆ నలుగురే.

మొదటి విడత దుకాణంలోకి వెళ్ళాక గుమాస్తా గారు ఒక మార్పు అడిగారు: తిరిగి వచ్చిన సరుకును జమగా చూపాలి గాని, నగదు జమలతో కలపకూడదు. ఇది న్యాయమైన కోరిక. దాన్ని ఫోన్లో విని నేరుగా కోడులో పెట్టకుండా, ముందు పత్రంలో కొత్త నియమంగా, తేదీతో, అంకెల ఉదాహరణతో రాసి, షావుకారు గారికి చదివి వినిపించాము. దానివల్ల రెండో విడత ఎంత వెనక్కు జరుగుతుందో కూడా అప్పుడే చెప్పాము. ఆయన మెసేజీలు ఇంకొంత ఆలస్యమైనా ఫరవాలేదు, ఇది ముందు కావాలన్నారు. పని పట్టికలో ఆ రెండు వరుసలూ తారుమారయ్యాయి. డీఎల్‌టీ దరఖాస్తు మాత్రం మొదట అనుకున్న తేదీకే వెళ్ళింది.