మదర్‌బోర్డ్ మార్చినా విండోస్ ఉంచుకోవచ్చు, కాకపోతే పాత బోర్డ్ పీకే ముందే కొంత పని ఉంది

మదర్‌బోర్డ్ మారుస్తున్నా అని ఎవరితోనైనా అనండి, వెంటనే వచ్చే సలహా ఒకటే, "ఫార్మాట్ కొట్టేసి ఫ్రెష్‌గా విండోస్ వేసేయ్". నాకు ఆ మాట వింటేనే నీరసం వస్తుంది. విండోస్ వేయడం పెద్ద పనేం కాదు, కానీ ఆ తర్వాత సాఫ్ట్‌వేర్లన్నీ ఒక్కోటి వెతికి వేసుకోవడం, వాటి లైసెన్సులు, ప్రింటరు, బ్రౌజర్ లాగిన్లు, ఎప్పుడో ఏదో మెనూలో మార్చిన సెట్టింగ్ ఇప్పుడెక్కడుందో గుర్తురాక తల గోక్కోవడం, అదంతా రోజుల తరబడి నడుస్తూనే ఉంటుంది. అందుకే ముందు ఉన్న ఇన్‌స్టలేషన్‌నే కొత్త బోర్డ్ మీద లేపి చూస్తా, కుదరకపోతే అప్పుడు చూసుకుందాం అని.

ఆ సలహా ఊరికే పుట్టలేదు లెండి. ఎక్స్‌పీ, విండోస్ 7 రోజుల్లో డిస్క్ తీసి వేరే బోర్డ్‌కి తగిలిస్తే లోగో వచ్చీ రాకముందే బ్లూ స్క్రీన్ పడేది, స్టాప్ కోడ్ చివర 7బి. పాత బోర్డ్‌లోని స్టోరేజ్ కంట్రోలర్ డ్రైవర్ ఒక్కటే బూట్ టైంలో లోడ్ అయ్యేలా ఉండేది, కొత్త కంట్రోలర్‌కి కావాల్సిన డ్రైవర్ లోడ్ అవ్వాలంటే డిస్క్ చదవాలి, డిస్క్ చదవాలంటే ఆ డ్రైవరే కావాలి, ఇక కదిలేదెక్కడ. విండోస్ 10, 11లో ఈ గొడవ దాదాపు పోయింది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు చుక్కలు గుండ్రంగా తిరుగుతూ కింద "గెట్టింగ్ డివైసెస్ రెడీ" అని శాతం పెరుగుతూ ఉంటుంది, మధ్యలో స్క్రీన్ నల్లబడొచ్చు, రిజల్యూషన్ మారొచ్చు, దానంతటదే రీస్టార్ట్ కూడా అవ్వొచ్చు. కంగారుపడి పవర్ బటన్ నొక్కకుండా కాసేపు వదిలేస్తే చాలు.

కాబట్టి డ్రైవర్ల గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా డిస్క్‌లో కాకుండా బోర్డ్‌లో ఉండిపోయే వాటి గురించి. డిస్క్ మనతో వస్తుంది, బోర్డ్‌లో దాచినవి బోర్డ్‌తోనే పోతాయి.

అందులో మొదటిది టీపీఎం, అంటే తాళంచెవుల్లాంటి రహస్యాలు దాచే సెక్యూరిటీ చిప్. ఇది బోర్డ్ మీద విడి చిప్‌గా ఉండొచ్చు, ప్రాసెసర్ వైపు ఫర్మ్‌వేర్‌గా ఉండొచ్చు. డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ ఫీచర్ బిట్‌లాకర్ తన తాళాన్ని దీనికే కట్టేస్తుంది. బోర్డ్ మారగానే కొత్త టీపీఎంకి ఆ తాళం సంగతి తెలీదు, దాంతో విండోస్ బదులు నీలం స్క్రీన్ వచ్చి రికవరీ కీ అడుగుతుంది, 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. "నేనెప్పుడూ బిట్‌లాకర్ పెట్టలేదే" అంటారు చాలామంది. మీరు పెట్టక్కర్లేదు, విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఇదీ బిట్‌లాకరే) మామూలుగా అదే ఆన్ అయిపోతుంది, హోమ్ ఎడిషన్‌లో కూడా. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ఓసారి చూసుకోండి. ఆన్‌లో ఉంటే రికవరీ కీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, ఆ స్క్రీన్ మీద కనిపించే కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు మీ దగ్గరున్న కీ ఐడీతో కలవాలి, లేకపోతే అది ఇంకో డిస్క్‌ది. ప్రొటెక్షన్ సస్పెండ్ చేసి కూడా బోర్డ్ మార్చొచ్చు, కానీ సస్పెండ్ అనేది మామూలుగా ఒక్క రీస్టార్ట్‌తో అయిపోతుంది, ఈలోపు ఎవరో ఒకరు పాత బోర్డ్ మీదే ఇంకోసారి ఆన్ చేసి చూస్తారు, అంతే సంగతులు. నేనైతే టైం పట్టినా సరే ఎన్‌క్రిప్షన్ మొత్తం ఆఫ్ చేసి, కొత్త బోర్డ్ మీద మళ్లీ ఆన్ చేసుకోవడానికే ఓటేస్తా.

పాత బోర్డ్ ఇప్పటికే చచ్చిపోయి ఉంటే ఆఫ్ చేసే అవకాశం ఎలాగూ లేదు కాబట్టి, ఇంకో పరికరంలోంచి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి కీ ఉందో లేదో చూసుకోవడమే మొదటి పని. ఆఫీస్ మెషీన్ అయితే మీ ఐటీ వాళ్లని అడగండి. కీ ఎక్కడా లేకపోతే మాత్రం ఎవరూ ఏం చేయలేరు, డబ్బులిచ్చినా సరే.

పిన్ కూడా టీపీఎం బాపతే. లాగిన్ స్క్రీన్ దాకా వచ్చాక "మీ పిన్ అందుబాటులో లేదు" అని వస్తుంది, అప్పుడు అసలు పాస్‌వర్డ్ కావాలి, ఏళ్ల తరబడి నాలుగంకెల పిన్ కొట్టినవాడికి పాస్‌వర్డ్ ఎక్కడ గుర్తుంటుంది. పిన్ రీసెట్ చేద్దామంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే కొత్త బోర్డ్ ల్యాన్ డ్రైవర్ కావాలి, కొత్త 2.5 గిగాబిట్ ల్యాన్ చిప్‌లకీ వైఫైకీ విండోస్‌లో డ్రైవర్ లేకపోవడం మామూలే. అందుకని ఆ రెండు డ్రైవర్లు ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. మర్చిపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, చాలాసార్లు పనైపోతుంది.

ఇక లైసెన్స్. డిజిటల్ లైసెన్స్ హార్డ్‌వేర్‌కి ముడిపడి ఉంటుంది, మైక్రోసాఫ్ట్ లెక్కలో మదర్‌బోర్డ్ మారితే అది వేరే కంప్యూటర్. బ్రాండెడ్ పీసీలో వచ్చిన ఓఈఎం కీ (పీసీ కంపెనీ వాళ్లే ముందుగా వేసిచ్చేది) బోర్డ్‌లోని బయోస్‌లోనే రాసి ఉంటుంది, ఆ బోర్డ్‌తోనే దాని కథ ముగుస్తుంది (పాడైన బోర్డ్ బదులు కంపెనీ వాళ్లే అలాంటిది వేసిస్తే అది వేరే సంగతి). విడిగా కొన్న రీటైల్ అయితే కొత్త బోర్డ్‌కి మార్చుకోవచ్చు. మీది ఏదో తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎల్‌ఎంజీఆర్, స్పేస్, స్లాష్ డీఎల్ఐ కొట్టండి, చిన్న విండో వచ్చి ఏ ఛానలో, అంటే ఓఈఎమా రీటైలా, చెప్తుంది. పాత బోర్డ్ బతికి ఉండగానే లైసెన్స్‌ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి లింక్ చేసి పెట్టుకుంటే, తర్వాత యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో "ఈమధ్యే హార్డ్‌వేర్ మార్చాను" అనే ఆప్షన్ నొక్కి పాత పీసీ పేరు ఎంచుకోవచ్చు, ఇది 2016లో విండోస్ 10 1607తో వచ్చింది. పాత విండోస్ 7 కీ కొట్టి లాగించేద్దాం అనుకునేవాళ్లకి, ఆ దారి 2023 సెప్టెంబర్‌లో మూసేశారు.

బూట్ విషయంలో రెండు చోట్ల ఇరుక్కుంటారు. ఒకటి, పాత సిస్టమ్ లెగసీ బయోస్ అనే పాత బూట్ పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత ఫార్మాట్ డిస్క్ మీద ఉంటే కొత్త బోర్డ్ దాన్ని పట్టించుకోకపోవచ్చు, ఎందుకంటే సీఎస్ఎం అనే పాత మోడ్‌ని చాలా కొత్త బోర్డ్‌లలో ఎత్తేశారు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ దగ్గర లెగసీ అని ఉంటే, బ్యాకప్ తీసుకుని ఎంబీఆర్‌టూజీపీటీ అనే టూల్‌తో మార్చుకోండి, విండోస్ 10 1703 నుంచి అది లోపలే ఉంది, డేటా పోదు. కాకపోతే మార్చాక యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి మోడ్‌లోనే బూట్ అవుతుంది. రెండోది స్టోరేజ్ మోడ్, అంటే బోర్డ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి. విండోస్ 10, 11లో కూడా పైన చెప్పిన బ్లూ స్క్రీన్ పడిందంటే నేను ముందు అనుమానించేది దీన్నే. పాతది ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌లో ఉండి కొత్త బయోస్‌లో రెయిడ్ గానీ ఇంటెల్ వీఎండీ గానీ ఆన్‌లో ఉంటే ఇలా అవుతుంది, ఆఫ్ చేసి చూడండి.

లినక్స్ వాళ్లకి ఇదంతా కాస్త నవ్వులాట, డ్రైవర్లు కెర్నల్‌లోనే, డిస్కుల్ని గుర్తుపట్టేది యూయూఐడీ అనే వాటి సొంత గుర్తింపు నంబర్‌తోనే, చాలావరకు లేచి కూర్చుంటుంది. కానీ బూట్ ఎంట్రీ బోర్డ్ మెమరీలో ఉంటుంది కాబట్టి గ్రబ్ (లినక్స్‌ని లేపే బూట్ ప్రోగ్రామ్) మాయమైతే లైవ్ యూఎస్‌బీతో మళ్లీ రాసుకోవాలి, ల్యాన్ కార్డ్ పేరు ఈఎన్‌పీ3ఎస్0 నుంచి ఇంకోటిగా మారితే చేత్తో రాసిన నెట్‌వర్క్ సెట్టింగ్ పనిచేయదు.

అంతా లేచాక చిప్‌సెట్ డ్రైవర్ వేసుకోండి. పాత బోర్డ్ కంపెనీ ఇచ్చిన ఫ్యాన్, లైట్ల సాఫ్ట్‌వేర్ ఉంటే తీసేయండి, వీలైతే బోర్డ్ మార్చకముందే, అవి మాత్రం కొత్త బోర్డ్ మీద నిజంగానే తిక్కతిక్కగా ప్రవర్తిస్తాయి. డివైస్ మేనేజర్‌లో హిడెన్ డివైసెస్ చూపించు అని పెడితే పాత బోర్డ్ తాలూకు పేర్లన్నీ బూడిద రంగులో కనిపిస్తాయి, వాటివల్ల మామూలుగా నష్టమేం లేదు, కంటికి అడ్డంగా అనిపిస్తే తీసేసుకోండి, లేదంటే వదిలేయండి.