గర్భసంచి జారితె చేసిన ఆపరేషన్: ఇంటికి వచ్చినంక సంగతులు

ఆపరేషన్ అయ్యి ఇంటికి వచ్చినంక చూడనీకి వచ్చినోళ్లందరిది ఒకటే ప్రశ్న, కుట్లు ఎక్కడ పడ్డయి అని. పొట్ట మీద కోత లేదు, పట్టీ లేదు, మెల్లగనైన నడుస్తున్న, మరి ఏం ఆపరేషన్ చేసిన్రు అని మా చిన్నత్త అయితె నిజంగనే కొంగు పక్కకు జరిపి చూసింది. కుట్లన్నీ లోపలనే ఉన్నయి అత్తమ్మా అంటె, ఓ గంతేనా, నేనేమో పెద్దాపరేషన్ అనుకున్న అని లేచి ఛాయ్ ఎక్కడ అన్నట్టు వంటింటి దిక్కు చూసింది. ఈ ఆపరేషన్ తోని అసలు తిప్పలు ఇదే, నొప్పి కాదు. గాయం కనపడదు కాబట్టి మనకు రెస్ట్ అవసరం అని ఇంట్ల ఎవ్వరికి అనిపించదు, నిజం చెప్పాలంటె కొన్ని దినాలకు మనకే అనిపించదు.

నేను పరకాల దిక్కు ఒక ఊళ్ల అంగన్‌వాడీ టీచర్‌ను. నాది గర్భసంచి జారిన కేసు, దాని తోటి మూత్రం సంచి కూడ కాన్పు దారి ముందు గోడను నెట్టుకుంట కిందికి వచ్చింది. మూడో స్టేజి అన్నది డాక్టరమ్మ, అంటె ముద్ద బయటికి తెలుస్తది. పొద్దున లేచినప్పుడు ఏం ఉండదు, లోపలనే ఉంటది, సెంటర్ల బియ్యం కొలిచి, గుడ్ల ట్రేలు దించి, గర్భిణిలకు అన్నం పెట్టి పంపేసరికి మళ్ల దిగుతది, నడుస్తుంటె చీరకు రాసుకుంటది. మూత్రం పోయి వచ్చినా ఇంక మిగిలినట్టే ఉంటది. మా దిక్కు ఆడవాళ్లు దీన్ని దీని పేరుతోని చెప్పరు, నడుం గుంజుతుంది అంటరు, కింద బరువుగుంది అంటరు, అంతే, అక్కడితోని మాట అయిపోతది. కాన్పులు ఎక్కువైనోళ్లకు, నొప్పులు చానాసేపు పడ్డోళ్లకు, ముట్లు ఆగినంక, ఏండ్ల తరబడి దగ్గు ఉన్నోళ్లకు, బరువులు మోసేటోళ్లకు ఇది వస్తది. నాకైతె మూడు కాన్పులు, రెండోసారి పిల్లగాడు పెద్దగ ఉండె, నెల తిరగకముందే పత్తి చేన్లకు పోయిన, అప్పట్ల అందరం గట్లనే పోయేది.

ముందు రింగు పెట్టి చూసిన్రు. సిలికాన్ ది ఉంటది, లోపల పెడితె సంచిని ఆపుతది, ఆపరేషన్ వద్దనుకునేటోళ్లకు, పెద్ద వయసు వాళ్లకు అది మంచిగ పనిచేస్తది, కొందరు ఏండ్ల కొద్ది దాంతోనే ఉంటరు. నాకు మాత్రం వంగి లేస్తె జారిపోయేది. అందుకే హన్మకొండల ఆపరేషన్ చేయించుకున్న. కిందినుంచే గర్భసంచి తీసి, మూత్రం సంచి కింద గోడను గట్టి చేసి కుట్టి, పైభాగం మళ్ల జారకుండ లోపల ఉన్న ఒక లిగమెంట్‌కు, అంటె ఎముకలను పట్టి ఉంచే గట్టి పట్టీ లాంటిదానికి, కుట్టిన్రు. ఇది ఎందుకు చెప్తున్న అంటె, ఉత్తగ గర్భసంచి తీసేస్తె జారుడు పోతది అని చానామంది అనుకుంటరు. జారేది పట్టు వదిలినందుకు, సంచి తీసినా పట్టు సరిచేయకపోతె మిగిలిన గోడ మళ్ల కిందికి రావచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలల్ల గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాలు చూస్తె ముందు వరుసల మన రెండు తెలుగు రాష్ట్రాలే ఉంటయి, కాబట్టి ఊళ్ల ప్రతి ఇంట్ల ఒకరు నాకు సలహా చెప్పేటోళ్లే, గని వాళ్లల్ల చానామందిది బ్లీడింగ్ కోసం పొట్ట కోసి తీసింది, నాది వేరే.

మా పెద్దోడు ఫోన్ల వీడియోలు చూసి మెష్ పెడతరట అమ్మా, అమెరికాల బంద్ చేసిన్రట అని భయపెట్టిండు. మెష్ అంటె జారకుండ ఆపనీకి లోపల పెట్టే సన్న జాలి. కింది నుంచి ఈ జారుడుకు పెట్టే మెష్ అమ్ముడు ఆపమని 2019 ఏప్రిల్‌ల అక్కడ మందులు, వైద్య పరికరాలు చూసే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ చెప్పిన మాట నిజమే. డాక్టరమ్మను అడిగితె నీకు మెష్ లేదు, నీ సొంత కండనే దారంతోని కుట్టుడు అన్నది. అడగండి, అడిగితె చెప్తరు.

దవాఖాన్ల సంగతి పెద్దగ లేదు. వెన్నుల మత్తు సూది, లోపల గాజుగుడ్డ ప్యాక్, మూత్రం పైపు. తెల్లారి ప్యాక్ తీసిన్రు, తర్వాత పైపు తీసినంక అసలు పరీక్ష, మన అంతట మనం మూత్రం పోవాలె, పోయింది కొలుస్తరు, లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌ల చూస్తరు, సరిగ పోకపోతె మళ్ల పైపు పెట్టి ఇంటికి పంపుతరు. నాకు మంచిగనే పోయింది. ఒకటి మాత్రం ముందు ఎవ్వరు చెప్పలేదు, కుడి దిక్కు పిర్రల లోపలికి గుంజినట్టు నొప్పి. అక్కడేం కోసిన్రు అని భయపడ్డ. పైభాగం ఆ దిక్కు లిగమెంట్‌కు కుట్టినందుకు గట్ల ఉంటది, కొన్ని వారాలకు తగ్గుతది అన్నరు, తగ్గింది.

ఇంగ ఇంటికి వచ్చినంక బరువుల లెక్క. ఆరు వారాలు 5 కిలోలు దాటి ఎత్తొద్దు, మూడు నెలల దాక పెద్ద బరువుల జోలికే పోవద్దు అన్నది డాక్టరమ్మ. నాకు 5 కిలోలు అంటె తొందరగ అర్థమైతది, బాలామృతం ప్యాకెట్ రెండున్నర కిలోలు, రెండు ప్యాకెట్లు ఎత్తితె నా లిమిట్ అయిపోయినట్టే. గదే లెక్క ఇంట్ల పెట్టి చూడండి. 15 లీటర్ల బిందె నిండితె 15 కిలోలు, బిందె బరువు వేరే. గ్యాస్ బండల గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతోని కలిపితె 30 దగ్గర. పిండిన చీరలు నిండిన బకెట్, దోశల పిండి నిండిన గ్రైండర్ గిన్నె, ఏడాది నిండిన మనుమరాలు, ఏది చూసినా లిమిట్ మీదనే. ఇంట్ల బరువు లేని పని ఏదన్న ఉంటె అది మొగోళ్లకే ఇచ్చినట్టున్నరు అనిపించింది నాకు.

పొద్దున నల్లా వచ్చినప్పుడు మా ఆయన బిందెలు పట్టుడు మొదలుపెట్టిండు, ఎదురింటోళ్లు నవ్విన్రు, నవ్వనియ్యి అన్న. మనుమరాలు చేతులు చాపుతె మాత్రం కష్టమైంది. నేను మంచం మీద కూసుంటె ఎవరన్న తెచ్చి ఒళ్లె పెట్టాలె, నేను ఎత్తుకోవద్దు, దానికి ఇది అర్థం కాక మొదట్ల ఒక్కటే ఏడుపు.

పత్యం సంగతి చెప్పకపోతె ఈ పోస్ట్ దండుగ. పప్పు తింటె చీము పడతది, పెరుగు తింటె నిమ్ము, వంకాయ దురద, ఆకుకూర వద్దు, ఎల్లిగడ్డ కారం వేసుకొని వేడి అన్నం తిను అని మా అత్తమ్మ. ప్రేమతోనే చెప్తది, ఆమెకు తెల్సింది అదే. గని ఈ ఆపరేషన్‌కు అసలు శత్రువు చీము కాదు, మోషన్ గట్టిపడుడు. ముక్కితె ఆ వత్తిడంతా పోయి కొత్త కుట్ల మీదనే పడుతది. కారం అన్నం తిని, నీళ్లు తక్కువ తాగి, మంచంల పండుకుంటె మోషన్ రాళ్లోలె అయితది. ఫోన్ స్పీకర్ల పెట్టి డాక్టరమ్మ తోనే అత్తమ్మకు చెప్పించిన, పప్పు, తోటకూర, జామపండు, జొన్న రొట్టె అన్ని పెట్టమ్మా, నీళ్లు మంచిగ తాపు అని. రాత్రికి ఇసబ్‌గోల్, మొదట్ల లాక్టులోజ్ సిరప్ కూడ. మాది కింద కూసునే లెట్రిన్, గొంతు కూసుని లేసుడు కష్టం అని మెడికల్ షాపుల కమోడ్ కుర్చీ కొన్నం. దాని ముందు మా రొట్టెల పీట పెట్టుకొని పాదాలు దాని మీద పెడితె మోకాళ్లు పైకి లేస్తయి, కొంచెం ముందుకు వంగి ఊపిరి వదిలితె ముక్కకుండనే వస్తది. పీట పోయిందని అత్తమ్మ కొత్తది కొనిపిచ్చుకున్నది.

కొన్ని వారాలు మట్టి రంగు తడి పోతనే ఉంటది, ప్యాడ్ పెట్టుకోవాలె. ఒకనాడు ప్యాడ్ మీద దారం ముక్క కనపడితె నా ప్రాణం పోయింది, కుట్లు ఊసిపోయినయేమో అని. అవి కరిగే కుట్లు, ముక్కలు ముక్కలుగ గట్లనే పడిపోతయి. ఎర్ర నెత్తురు ఎక్కువ పోతె, వాసన వస్తె, జరం వస్తె, మూత్రం బందైతె, పిక్కల వాపు నొప్పి వస్తె మాత్రం ఆగొద్దు, వెంటనే దవాఖానకు పోవాలె. పిక్కలల్ల నెత్తురు గడ్డకట్టొద్దనే మొదటి దినం సంది ఇంట్లనే మెల్లగ నడిపిస్తరు. మంచంల నుంచి లేచేటప్పుడు పక్కకు తిరిగి చెయ్యి ఆనించి లేవాలె, దగ్గు వస్తుందంటె ముందుగల్ల కింద కండలు బిగబట్టి అప్పుడు దగ్గాలె. ఆరు వారాల దాక మొగడు పెండ్లాం కలవొద్దు, ఇది డాక్టరమ్మనే మా ఆయనను పిలిచి ముఖం మీద చెప్పింది, నాకు చెప్పే పని తప్పింది, బయటికి వచ్చి ఆయన నా కంటె ఎక్కువ సిగ్గుపడ్డడు.

సంక్రాంతికి సకినాలప్పుడు మళ్ల లొల్లి. మా ఇంట్ల చుట్టుపక్కల ఆడవాళ్లందరు కూడి కింద గుడ్డ పరిచి గొంతు కూసుని పిండి చుడుతరు, గంటలకు గంటలు. నా చేతి చుట్లు సన్నగ వస్తయని పేరు, ఒక్క నాలుగు చుట్టి లేవరాదు అని ఒక్కటే జోరు. నేను టేబుల్ మీద గుడ్డ పరిచి కుర్చీల కూసుని చుట్టిన. టేబుల్ మీద సకినాలు ఏందే, పెండ్లి విందా అని నవ్విన్రు. సాయంత్రానికి మోకాళ్ల నొప్పులున్న ఇద్దరు ముసలోళ్లు కూడ కుర్చీలు గుంజుకొని నా పక్కన చేరిన్రు.

ఇప్పుడు సెంటర్‌కు పోతున్న. గుడ్ల ట్రేలు ఆయమ్మ దించుతది, నేను రిజిస్టర్లు రాస్త. ముద్ద లేదు, మూత్రం పూర్తిగ పోతుంది. గట్టిగ తుమ్మితె మాత్రం చుక్క లీక్ అయితుంది, ఇది ముందు లేకుండె. ఇంతకుముందు జారిన సంచి మూత్రం నాళాన్ని వంచి పెట్టేది, ఇప్పుడు అది తిన్నగ అయినందుకు కొందరికి ఇట్ల తెలుస్తదట. కెగెల్ ఎక్సర్‌సైజులు చేస్తున్న, మూత్రం ఆపుకున్నట్టు కండ బిగబట్టి వదులుడు, తక్కువ కాకపోతె మళ్ల చూద్దాం అన్నరు. మళ్ల జారే అవకాశం కూడ పూర్తిగ పోలేదు, అందుకే బిందెలు ఇంగ మా ఆయనవే.

ఇదంతా విన్నంక మా వదినె నన్ను పెరట్లకు పిలిచి, నాకు చిన్నోడు పుట్టినప్పటి సంది ఉన్నది, గుడ్డ కట్టుకొని ఉంటున్న అన్నది. ఆ చిన్నోడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నడు. వచ్చే సోమవారం హన్మకొండకు తీస్కపోతున్న. ఆమె అడిగింది రెండే, లేడీ డాక్టరేనా, మీ అన్నకు ఏమని చెప్పాలె అని. మొదటిదానికి అవును అన్న. రెండోదానికి ఉన్నదున్నట్టు చెప్పు, రేపు బిందెలు మోసేది ఆయనే కదా అన్న.