లమోర్నా వాగు దగ్గర గసడదవలు

లండన్ నుంచి ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్‌లో ఉన్న పెన్జాన్స్‌కి రైల్లో ఐదు గంటల పైమాటే. సెలవుల్లో ఆ టికెట్టుకి గుంజే డబ్బు మాత్రం ఘోరం. మౌజల్ దాటి సముద్రం పక్క కాలిబాట పట్టేదాకా ఆ మంట చల్లారలేదు. కెమియల్ క్రీస్ దగ్గర చెట్ల చీకట్లోంచి రాళ్ల మీద ఎక్కీ దిగీ, మోకాళ్లు పట్టేశాక లమోర్నా వచ్చింది.

రేవు చిన్నది. పాత క్వారీ బండలు కొండవాలంతా పరుచుకుని ఉన్నాయి. లండన్‌లో థేమ్స్ నది గట్టుకి ఇక్కడి గ్రానైటు వెళ్లింది. అందరూ అక్కడే ఫొటోలు తీసుకుని వెనక్కి మళ్లుతున్నారు. నేను వాగు వెంట పైకి నడిచాను. ఈ ఊరి అందమంతా అక్కడే ఉంది: నాచు పట్టిన బండలు, వంగిన చెట్లు, వాటి కింద గలగలమంటూ నీళ్లు.

ఒక బండ మీద డెబ్బై ఏళ్లావిడ నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని తనలో తను ఏదో వల్లిస్తోంది. అది ఇంగ్లీషు కాదు. "ఇమా గోవర్ ఇన్ నాన్స్." లోయలో వాగు ఉంది అని అర్థమట. నన్ను చూసి నవ్వి తనే చెప్పింది. కార్న్‌వాల్ వాళ్ల పాత భాష కోర్నిష్ నేర్పే తరగతికి వెళ్తోందట, మీ దగ్గరున్న వాగునీ లోయనీ వర్ణించి రమ్మన్నారట. "ఇంట్లో కూర్చుంటే మాటలు రావు. ఇక్కడికొచ్చి, కళ్లకి కనబడింది కనబడినట్టు చెప్పుకుంటాను" అంది.

ఎదురుగా ఉన్న బండని చూపించింది. బండ అంటే 'కారెక్'. 'ఆ బండ' అనాలంటే మాత్రం 'ఆన్ గారెక్'. మర 'మెలిన్', ఆ మర 'ఆన్ వెలిన్'. స్త్రీలింగ ఏకవచన పదాల ముందు 'ఆన్' వస్తే మొదటి హల్లు మెత్తబడుతుందట. 'నీ' అనే మాట తర్వాతైతే ఏ లింగమైనా అంతే. క పోయి గ, త పోయి ద.

నాకు ఒళ్లు జలదరించింది. బడిలో తెలుగు మాస్టారు బల్ల మీద కొడుతూ వల్లె వేయించిన గసడదవాదేశ సంధి! వాడు కొట్టె, వాడు గొట్టె. మన ప వ అవుతుంది, వాళ్ల ప బ అవుతుంది. కారణాలు వేరే, సూత్రాలు వేరే, రెండు భాషలకీ చుట్టరికం లేదు. అయినా క, త దగ్గర మాత్రం రెండూ ఒకేలా మెత్తబడ్డాయి. ఆవిడకి చెబితే పెన్ను తీసి, నాచేత 'వాడు గొట్టె' మళ్లీ మళ్లీ అనిపించుకుని రాసుకుంది.

కోర్నిష్ మాట్లాడిన ఆఖరి మనిషని చెప్పుకునే మౌజల్ చేపలమ్మి డాలీ పెంట్రీత్‌తో 1777లో ఈ భాష పోయిందంటారు కదా అన్నాను. ఆవిడ ముఖం మారింది. డాలీ పోయాక కూడా కొందరికి వచ్చునట. అదే మౌజల్‌లో విలియం బోడినార్ అనే జాలరి 1776లో కోర్నిష్‌లో ఉత్తరం రాశాడు, పోయింది 1789లో. 1904లో హెన్రీ జెన్నర్ అనే ఆయన కోర్నిష్ నేర్చుకునే పుస్తకం తెచ్చాడు. అంతరించిన భాష అన్న ముద్రని యునెస్కో 2010లో తీసేసింది. ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆవిడ కోపం న్యాయమే. ఎదురుగా కూర్చుని ఒక మనిషి మాట్లాడుతుండగా ఆ భాష చచ్చిపోయిందనడం నాకూ ఇక నోరు రాదు.

లేస్తుంటే "పాల్ ఊరి చర్చి దగ్గర డాలీ స్మారకం చూడండి, 'అమ్మ' అన్న మాట దగ్గర ఆగండి" అంది.

బస్సు పట్టుకుని వెళ్లాను. నెపోలియన్ తమ్ముడి కొడుకైన లూయీ లూసియాన్ బోనపార్ట్, అక్కడి చర్చి గురువుతో కలిసి 1860లో ప్రహరీగోడలో నిలబెట్టిన గ్రానైటు రాయి. అందులో 'నీ తండ్రినీ తల్లినీ గౌరవించు' అన్న ఆజ్ఞ ఇంగ్లీషులోనూ, కోర్నిష్‌లోనూ ఉంది. అమ్మ అంటే 'మమ్'. నీ అమ్మ అంటే మ కాస్తా వ కావాలి, 'వమ్' అనాలి. వేలు పెట్టి వెతికాను. రాతి మీద మాత్రం 'డె మమ్' అనే చెక్కి ఉంది.