నిబంధనల పత్రంలో ఏడో అంశం

పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టిన పని రాత్రి దాకా తెమలలేదు. వచ్చే వారం జరగబోయే పిల్లల చదరంగం పోటీకి నేను ఆర్బిటర్‌ని, అంటే ఆటలు నియమాల ప్రకారం జరిగేలా చూసే న్యాయనిర్ణేతని. నిర్వాహక సంఘం కార్యదర్శి గారు నిబంధనల ముసాయిదా పంపి, ఒకసారి చూసి సరిదిద్దమన్నారు. రౌండ్ల సంఖ్య, గడియారంలో ఒక్కొక్కరికి ఇచ్చే సమయం, ఆలస్యంగా వచ్చినవారి సంగతి, ఫోన్ల సంగతి, ఇలా ఆరు అంశాలు పావుగంటలో అయిపోయాయి. ఏడో అంశం దగ్గర ఆగిపోయాను. "బాలికలు మర్యాదకరమైన దుస్తులు ధరించి రావలెను" అని ఉంది. బాలుర గురించి ఒక్క ముక్క లేదు.

ఆ వాక్యం రాసినవారికి దురుద్దేశం ఏమీ ఉండి ఉండదు. పోయినసారి పత్రం నుంచి తీసుకుని ఉంటారు, అది అంతకుముందు పత్రం నుంచి వచ్చి ఉంటుంది. నేను కూడా ఇదివరకు ఇలాంటివి చూసీ చూడనట్టు వదిలేశాను. ఈసారి వదలబుద్ధి కాలేదు. పద్నాలుగేళ్ల వయసులో ఒక పోటీలో ఆట మధ్యలో ఉండగా ఒక పెద్దమనిషి నా వెనక్కి వచ్చి, చేతుల్లేని చొక్కా బాగోలేదనీ, పైన ఏదైనా వేసుకుని రమ్మనీ చెవిలో చెప్పాడు. అప్పుడు ఎత్తు వేయాల్సింది నేను. గడియారం నా వైపే నడుస్తోంది. పరుగున వెళ్లి, స్నేహితురాలి స్వెటర్ అడిగి తొడుక్కుని వచ్చేసరికి ఏడు నిమిషాలు పోయాయి. ఆ ఆట ఎలా ముగిసిందో ఇప్పుడు గుర్తు లేదు కానీ, ఆ ఏడు నిమిషాలు మాత్రం గుర్తున్నాయి.

2017లో మలేసియాలోని పుత్రజయలో జరిగిన ఒక పాఠశాల స్థాయి పోటీలో పన్నెండేళ్ల పాప మోకాళ్ల దాకా ఉన్న గౌను వేసుకుని ఆడుతుంటే, అది రెచ్చగొట్టేలా ఉందని నిర్వాహకులు అభ్యంతరం చెప్పారనీ, దాంతో పోటీ మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చిందనీ ఆమె శిక్షకుడు బయటపెట్టాడు. చదరంగం నియమావళిలో ప్రత్యర్థి దృష్టిని ఏ విధంగానూ మరల్చకూడదు, విసిగించకూడదు అని ఒక సూత్రం ఉంది. నేను దాన్ని బల్ల మీద వేళ్లతో తాళం వేసేవాళ్లకూ, ఊరికే డ్రా అడిగేవాళ్లకూ వాడాను. ఆ సూత్రం ఒక పాప గౌను దాకా సాగుతుందని నాకెప్పుడూ తట్టలేదు. దృష్టి చెదిరినవాడిని మందలించడం మాని, బుద్ధిగా కూర్చుని ఆడుకుంటున్న పిల్లని లేపడం ఏ రకం తీర్పో నాకు బోధపడదు.

2012లో ఐరోపా చదరంగ సంఘం కూడా దుస్తుల నియమం తెచ్చింది. టర్కీలోని గాజియాంతెప్‌లో జరిగిన మహిళల ఐరోపా పోటీ నుంచి అది అమల్లోకి వచ్చింది. అందులో చొక్కా పై బొత్తాంతో పాటు పైనుంచి రెండోది కూడా విప్పి ఉంచవచ్చునని ఉంది. రెండో బొత్తాం దాకా అనుమతి, మూడోదానికి లేదు! పావు ముడితే ఆడి తీరాలన్న నియమాన్ని రాసినంత శ్రద్ధగా బొత్తాలను లెక్కపెట్టి రాసిన ఆ కమిటీని తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వాక, ఆ గీత పక్కన నిలబడి తనిఖీ చేయాల్సింది నాలాంటి ఆర్బిటరే కదా అని గుర్తొస్తే నవ్వు ఆగిపోతుంది.

మధ్యాహ్నం పడుకుందామనుకున్నాను కానీ నిద్ర పట్టలేదు, ఆలోచన టెహ్రాన్ మీదికి పోయింది. 2017 ఫిబ్రవరిలో అరవై నలుగురితో అక్కడ మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. ఆతిథ్య దేశపు చట్టం కాబట్టి ఆడేవాళ్లందరూ తలకు గుడ్డ కట్టుకోవాలన్నారు. అమెరికా చాంపియన్ నాజీ పైకిడ్జే వెళ్లనన్నది. మన హారిక వెళ్లి సెమీఫైనల్ దాకా ఆడి కాంస్యం తెచ్చింది. చైనాకు చెందిన టాన్ జోంగ్యీ గెలిచింది. సభ్య సమాఖ్యల నుంచి అభ్యంతరమేదీ రాలేదని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే అప్పట్లో చెప్పుకుంది. వేదికకు ఒప్పుకున్న పెద్దలెవరూ తలకు గుడ్డ కట్టుకోనక్కరలేదు కాబట్టి అభ్యంతరం రాకపోవడంలో నాకు వింతేమీ కనిపించలేదు. నేనప్పుడు పూర్తిగా పైకిడ్జే పక్షం. వెళ్లినవాళ్ల మీద లోపల కొంచెం చులకన భావం కూడా ఉండేదని ఒప్పుకోవాలి.

ఆ అభిప్రాయాన్ని కదిలించింది ఇరాన్ క్రీడాకారిణి మిత్రా హెజాజీపూర్. బహిష్కరణ పిలుపు సరికాదని, ఇరాన్ ఆడవాళ్లు తమ సత్తా చూపడానికి దొరికిన అవకాశాన్ని అది దెబ్బతీస్తుందని ఆమె 2016లో అన్నది. అదే మిత్రా 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ స్థాయి పోటీలో తల మీద గుడ్డ తీసేసి బోర్డు ముందు కూర్చుంది. జాతీయ జట్టు నుంచి ఆమెను తీసేశారు. ఫ్రాన్స్‌లో స్థిరపడి 2023లో అక్కడి మహిళల చాంపియన్ అయింది. ఆమె మాట మార్చిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మొదటిసారి తమ గడ్డ మీద ఆడే హక్కు గురించి మాట్లాడింది, రెండోసారి తన తల గురించి. రెండింటిలోనూ తన తరఫున ఇంకొకరు నిర్ణయించడానికి ఒప్పుకోలేదు.

ఇరాన్‌కు చెందిన షోహ్రే బయాత్ సంగతి, నేనూ ఆర్బిటర్‌ని కాబట్టి, నాకు మరీ దగ్గరగా తగులుతుంది. 2020 జనవరిలో జూ వెన్‌జున్, గోర్యాచ్కినాల ప్రపంచ చాంపియన్‌షిప్ పోరుకు ఆమె ముఖ్య ఆర్బిటర్. సగం ఆటలు షాంఘైలో, సగం రష్యాలోని వ్లాదివొస్తోక్‌లో. షాంఘైలో తీసిన ఒక ఫొటోలో ఆమె తల మీది గుడ్డ వదులుగా వెనక్కి జారి ఉంటుంది, కెమెరా పెట్టిన కోణం నుంచి చూస్తే అసలు లేనట్టే ఉంటుంది. ఆ ఫొటో స్వదేశంలో ఆమె మీదికి వచ్చింది. ఇంటికి తిరిగి వెళ్లడం క్షేమం కాదని తేలాక, వ్లాదివొస్తోక్‌లో గుడ్డ పూర్తిగా తీసేసి, బాధ్యతలన్నీ నిర్వర్తించి, తర్వాత బ్రిటన్‌లో ఆశ్రయం కోరింది. ఆట నడుస్తుండగా ఆర్బిటర్ మనసంతా గడియారాల మీదా, స్కోరు కాగితాల మీదా ఉండాలి. ఇల్లు పోయిందని తెలిసిన మనిషి ఆ ఆటలన్నీ పూర్తయ్యేదాకా ఎలా నిలబడిందో నాకు ఊహకందదు. 2022 డిసెంబరులో అల్మాటీలో ఇరాన్ క్రీడాకారిణి సారా ఖాదెం తల కప్పుకోకుండా ఆడి స్పెయిన్‌కు వెళ్లిపోయింది, మరుసటి ఏడాది ఆ దేశ పౌరసత్వం పొందింది.

తల కప్పుకోవడం తప్పనిసరి అన్నందుకు మన సౌమ్యా స్వామినాథన్ 2018లో ఇరాన్‌లోని హమదాన్‌లో జరిగే ఆసియా జట్ల పోటీకి వెళ్లనని జట్టులో చోటు వదులుకుంది. ఉక్రెయిన్‌కు చెందిన అన్నా ముజిచుక్ 2017 చివర, ఒళ్లంతా కప్పే అబాయా వేసుకోవడం ఇష్టం లేక, సౌదీ అరేబియాలోని రియాద్‌కు వెళ్లకుండా తన రాపిడ్, బ్లిట్జ్ (తక్కువ సమయంలో ముగిసే ఆటలు) ప్రపంచ కిరీటాలు రెండూ వదిలేసింది. ఇదంతా తలుచుకుంటుంటే 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన రాపిడ్, బ్లిట్జ్ ప్రపంచ పోటీలు గుర్తుకొచ్చాయి. జీన్స్ వేసుకొచ్చినందుకు ప్రపంచ నంబర్ వన్ మాగ్నస్ కార్ల్‌సన్‌కు రెండు వందల డాలర్ల జరిమానా వేశారు. ఆయన అలిగి రాపిడ్ పోటీ నుంచి వెళ్లిపోయాడు. రెండు రోజుల్లో నియమమే సడలింది, ఆయన జీన్స్‌తోనే తిరిగొచ్చి ఆడాడు, తర్వాత ఆ జీన్స్ వేలంలో 36,100 డాలర్లకు పోయింది. ఆ గొడవలోనే కోనేరు హంపి రెండోసారి మహిళల ప్రపంచ రాపిడ్ చాంపియన్ అయింది. నా ఫోనుకు ఆ వారం వచ్చిన వార్తల్లో ఎక్కువ భాగం ప్యాంటు గురించే. అంతకుముందు ఏడాది సమర్‌ఖండ్‌లో స్పోర్ట్స్ బూట్లు వేసుకొచ్చిందని ఒక క్రీడాకారిణికి వంద యూరోల జరిమానా వేస్తే ఆ నియమం కదల్లేదు.

దుస్తుల నియమం లేనిచోట చూపులు ఆ పని చేస్తాయి. 2024 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో టాటా స్టీల్ పోటీ ముగిశాక దివ్యా దేశ్‌ముఖ్ రాసింది అదే. తన ఆట బాగుందని తానే గర్వపడుతుంటే, చూసేవాళ్లు జుట్టు, బట్టలు, ఉచ్చారణ గురించి మాట్లాడుకున్నారట. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. మరుసటి ఏడాది జార్జియాలోని బాటూమిలో హంపిని ఓడించి మహిళల ప్రపంచకప్ గెలిచి గ్రాండ్‌మాస్టర్ అయింది.

సాయంత్రం కార్యదర్శి గారికి ఫోను చేశాను.

"ఏడో అంశంలోంచి బాలికలు అన్న మాట తీసేద్దామండీ. క్రీడాకారులందరూ శుభ్రమైన, ఆడేందుకు సౌకర్యంగా ఉండే దుస్తులు వేసుకోవాలి అని రాద్దాం. తల కప్పుకోవడం, కప్పుకోకపోవడం ఆడేవారి ఇష్టమని ఇంకో వాక్యం."

"రెండో వాక్యం బాగానే ఉంది మేడమ్. కానీ అబ్బాయిలకు బట్టల సంగతి ఎందుకండీ చెప్పడం?"

"అమ్మాయిలకు మాత్రం ఎందుకండీ?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, కొంచెం ఇబ్బందిగా, "ఆడపిల్లల తల్లిదండ్రులే అడుగుతారు మేడమ్, ఏమైనా ఉంటే ముందే చెప్పండి అని," అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. పద్నాలుగేళ్ల నన్ను ఆ రోజు ఇంటికి తీసుకెళ్తూ మా అమ్మ అన్నది కూడా, ఇంకోసారి ఆ చొక్కా వేసుకోవద్దులే అనే. అడిగినవాళ్లకు నా నంబరు ఇవ్వమని చెప్పి ఫోను పెట్టేశాను.

పదింటికి సవరించిన పత్రం వచ్చింది. తల కప్పుకోవడం గురించిన వాక్యం ఉంది. దాని పైన, "క్రీడాకారులందరూ, ముఖ్యంగా బాలికలు, మర్యాదకరమైన దుస్తులు ధరించి రావలెను" అని ఉంది. ముద్రణకు ఎల్లుండి ఇవ్వాలి. రేపు పొద్దున్నే మళ్లీ ఫోను చేయాలి.